‘కథలు చదివితే కాలం దండగ’ అనే మెసేజ్‌కి జవాబు

కొన్నాళ్ళుగా తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపు, కోచింగ్ పిల్లల తల్లిదండ్రుల గ్రూపు, వాకింగ్ బ్యాచ్ గ్రూపు, దేన్నీ వదల్లేదు. అందులో ఉన్నది ఇదీ: కథలూ నవలలూ కల్పితాలు కాబట్టి అబద్ధాలు, నాన్‌ఫిక్షనే నిజం. పైకొచ్చినవాళ్ళెవరూ నవలలు చదవరు. పోటీ పరీక్షలకు చదివే పిల్లల చేతికి నవల ఇస్తే చెడిపోతారు. పుస్తకం మొత్తం చదవక్కర్లేదు, పది నిమిషాల సమ్మరీ వింటే చాలు, అలా వారానికొకటి చొప్పున ఏడాదికి 52 లాగించొచ్చు. ఆఖరిది, తెలుగులో చదవడానికి ఏమీ లేదు. కింద రెండు దండాలు, ‘పది మందికి పంపండి’ అని.

మేం కొందరం నెలకోసారి కూర్చుని చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఒకరు నవల తెస్తారు, ఒకరు ఆత్మకథ, ఇంకొకరు చిరుధాన్యాల మీద ఏదో పుస్తకం. అందుకని ఈ మెసేజ్ మాకు నాలుగు వైపుల నుంచీ వచ్చిపడింది, ‘మీ గురించే’ అన్న ఎకసెక్కంతో సహా. సరే, వరసగా చూద్దాం.

కల్పితం అంటే అబద్ధం, నాన్‌ఫిక్షన్ అంటే నిజం అన్నది మొదటి మాట. అట్ట మీద ‘యథార్థ గాథ’ అని వేసినంత మాత్రాన లోపలున్నదంతా యథార్థం అయిపోదు. జేమ్స్ ఫ్రే అనే అమెరికన్ మత్తుకు బానిసైన తన జీవితం గురించి 2003లో జ్ఞాపకాలు రాశాడు, లక్షల్లో అమ్ముడుపోయింది. నెలల తరబడి జైల్లో ఉన్నానని అందులో చెప్పుకున్నాడు. 2006లో కొందరు కూపీ లాగితే కస్టడీలో ఉన్నది గంటలే అని తేలింది.

అది మోసం అనుకుందాం. మోసం లేకపోయినా తప్పులు దొర్లుతాయి. నోబెల్ వచ్చిన డేనియల్ కానెమన్ 2011లో మన ఆలోచనా తీరు మీద రాసిన పుస్తకంలో ఒక అధ్యాయం చిన్న చిన్న ప్రయోగాల మీద ఆధారపడింది. వాటిని అతిగా నమ్మానని 2017లో ఆయనే ఒప్పుకున్నాడు. ఇక మన ఊళ్ళో ప్రతి మోటివేషన్ క్లాసులోనూ వినిపించే ‘పదివేల గంటల సాధన’ సంగతి. మాల్కమ్ గ్లాడ్‌వెల్ 2008లో దాన్ని ఊరూరా తెలిసేలా చేశాడు. దానికి ఆధారం బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన. ఆ పరిశోధన చేసిన ఆండర్స్ ఎరిక్సన్ ఏమన్నాడంటే, పదివేలు అనేది ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి మేటి విద్యార్థుల సగటు మాత్రమే, వాళ్ళలోనే సగం మంది అప్పటికి అంత సాధన చేయలేదు, దాన్ని సూత్రంగా పట్టుకోవడం తప్పు అని. ఆ క్లాసుల్లో మాత్రం సూత్రం అలాగే నడుస్తోంది, ఫీజు కూడా అలాగే.

నవల వట్టి అబద్ధమే అయితే దొరలు దానికి ఎందుకు భయపడ్డారో కూడా చెప్పాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ రాసింది మన చిత్తూరు పక్కనున్న రాయవెల్లూరు జైల్లోనే. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ పీడ వదల్లేదు.

దగ్గరి ఉదాహరణ కేశవరెడ్డి. చిత్తూరు జిల్లా తలపులపల్లెలో పుట్టి, నిజామాబాద్ వైపు డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు ఏళ్ళ తరబడి వైద్యం చేసిన డాక్టరు. ఆయన ‘అతడు అడవిని జయించాడు’ నవల్లో పందులు మేపే ముసలాయన, కనిపించకుండా పోయిన చూడి పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. మేం దీని గురించి మాట్లాడుకున్న రోజు, పశువైద్య శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆ పంది ఈనిన తర్వాత పిల్లల దగ్గరికి ఎవర్నీ రానివ్వని పేజీలు మళ్ళీ చదివి వినిపించాడు. “నేను చదివిన సదువులో ఇది మూడు లైన్లుంటాది కదప్పా. ఈయప్ప ఆ పంది పక్కనే కూసోని రాసినట్టుండాడు” అన్నాడు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ మాత్రం ససేమిరా అంది. ఆ రాత్రి ఎప్పుడు తెల్లారుతుందా అని టెన్షన్ తట్టుకోలేక మధ్యలోనే పక్కన పెట్టేశానని, మనిషిని అంత ఏడిపించే పుస్తకం ఎందుకని గట్టిగానే అడిగింది. ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. అబద్ధం చదివాం అని మాత్రం ఇద్దరూ అనలేదు.

అలాగని మా వైపు వాళ్ళూ తక్కువ తినలేదు. నవలలు చదివితే ఎదుటివాళ్ళ మనసు ఇట్టే తెలిసిపోతుందని 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మాలో ఒకరు ఈ మెసేజ్‌కి విరుగుడుగా దాన్ని ఫార్వర్డ్ చేయబోతే ఆపాం. 2018లో వేరే పరిశోధకులు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. ఒక డొల్ల మెసేజ్‌ని ఇంకో డొల్ల మెసేజ్‌తో కొడితే ఏం లాభం?

పైకొచ్చినవాళ్ళెవరూ నవలలు చదవరట. డార్విన్ తన ఆత్మకథలో, ఇంట్లోవాళ్ళు నవలలు చదివి వినిపిస్తుంటే నవలాకారులందర్నీ దీవించుకుంటూ ఉంటానని రాసుకున్నాడు. విషాదంగా ముగిసే నవలల మీద చట్టం తేవాలని కూడా అన్నాడు (మా బ్యాంకు ఆవిడకి ఈ మాట ఎంత నచ్చిందో!). ఏడాదికి యాభై పుస్తకాలు చదువుతాడని ఈ మెసేజ్‌లోనే మెచ్చుకున్న బిల్ గేట్స్ తాను సిఫారసు చేసే జాబితాల్లో నవలలూ పెడతాడు.

అందరికంటే పెద్ద సాక్షి గాంధీ. చిన్నప్పుడు చూసిన హరిశ్చంద్ర నాటకం తనను ఎలా పట్టుకుందో ‘సత్యశోధన’లో రాశాడు. దాన్ని మనసులో లెక్కలేనన్నిసార్లు ఆడుకున్నాడట, అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకు ఉండకూడదని తనని తాను అడుక్కున్నాడట. హరిశ్చంద్రుడు చరిత్రలో ఉన్న మనిషి కాకపోవచ్చని ఇప్పుడు తెలుసు, అయినా నా మటుకు ఆయన సజీవ సత్యం అని కూడా అక్కడే చెప్పాడు. ‘సత్యశోధన’ నాన్‌ఫిక్షనే మరి.

పరీక్షల సంగతికి పెద్ద జవాబు అక్కర్లేదు. సివిల్స్‌లో తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుంటే రావిశాస్త్రి ‘అల్పజీవి’ సిలబస్‌లోనే ఉంది, అది నవలే. పరీక్ష నెల రోజుల్లో పెట్టుకుని వెయ్యి పేజీల నవల ముందేసుకోవద్దంటారా, ఒప్పుకుంటాను.

సమ్మరీ వింటే చాలన్న మాటకి మన జిల్లా పల్లెల్లో ఏటా జవాబు దొరుకుతూనే ఉంటుంది. ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెడతారు. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అక్కడ చేరినవాళ్ళలో కథ తెలియనివాళ్ళు ఎవరు? పాచికల్లో ఎవరు ఓడతారో, తొడ ఎవరిది విరుగుతుందో పాలు తాగే పిల్లల్ని తప్పిస్తే అందరికీ తెలుసు. అయినా అర్జున తపస్సు రోజు, వేషగాడు ఆకాశమంత తపసు మాను ఎక్కుతూ మెట్టు మెట్టుకీ పద్యం అందుకుంటుంటే జనం మెడలు నొప్పి పుట్టేదాకా పైకే చూస్తారు. పిల్లల్లేని ఆడవాళ్ళు తడి బట్టలతో కింద కాచుకుని ఉంటారు, పైనుంచి విసిరే నిమ్మకాయ కోసం. చివరి రోజు దుర్యోధన వధకి మట్టితో చేసిన ఆ పెద్ద బొమ్మ చుట్టూ కాలు పెట్టడానికి చోటుండదు. పది నిమిషాల్లో చెప్పేయగల కథకి పద్దెనిమిది రోజులు ఎందుకు కూర్చుంటున్నారో, ఈ సమ్మరీలు అమ్మేవాళ్ళు ఒకసారి ఆ జనం మధ్యకి వచ్చి అడిగితే బాగుంటుంది.

మన యాసలో పల్లె బతుకులు రాసిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథలకి సమ్మరీ చెప్పమనండి. అమ్మ, సేద్యం, లేమి, అంతే మిగులుతాయి. ఆ యాస, ఆ తిట్లు, తిట్టులోనే ఉన్న ప్రేమ సమ్మరీ చెప్పేవాడి చేతికి చిక్కవు. ఇక ఏడాదికి 52 అని లెక్క పెట్టుకునేవాళ్ళు చివరికి సన్నపాటి పుస్తకాలే ఏరుకుంటారు, నేను చూశాను.

తెలుగులో ఏమీ లేదన్న మాటకి తిరుపతిలో కూర్చుని జవాబు చెప్పాల్సి రావడమే విచిత్రం. దామలచెరువు బడిపంతులు మధురాంతకం రాజారాం కథలకి 1993లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన కొడుకు, మన ఎస్వీ యూనివర్సిటీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నరేంద్ర ‘మనోధర్మపరాగం’ నవలకి 2022లో అదే అవార్డు వచ్చింది.

పుస్తకాల మీద అభిప్రాయాలు చెప్పుకోవడమే పనిలేని పని అని ఆ మెసేజ్ కింద ఒకరు తోక కూడా తగిలించారు. చిత్తూరులో కలిసిపోయిన కట్టమంచి నుంచి వచ్చిన రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ వేసి, పింగళి సూరన కావ్యాల మీద తనకేమనిపించిందో మొహమాటం లేకుండా రాశాడు. పండితులు భగ్గుమన్నారు. తెలుగులో ఆధునిక విమర్శ గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ఆ పుస్తకం దగ్గర ఆగాల్సిందే. ఆయనే ‘అర్థశాస్త్రము’ రాశాడు. ఆయనే, బుక్కరాయసముద్రం చెరువు తెగకుండా ప్రాణమిచ్చిన కోడలి మీద ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశాడు. ఒక చేత్తో రాసిన ఈ మూడింట్లో ఏది చదవాలో, ఏది దండగో ఆ మెసేజ్ పంపినాయన తేల్చి చెప్పమనండి.