ఫ్లూ టీకా: ముప్పు తాతకు, సూది మనవడికి

చెన్నైలో ఫ్లూ టీకా ఎవరికి అందుతోందో తెలుసుకోవాలంటే టి.నగర్‌లోనో పెరంబూరులోనో మూడు తరాలున్న ఒక తెలుగు ఇంటిని చూస్తే చాలు. మనవడి టీకా కార్డులో దానికో గడి ఉంటుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా ఏటా వేయించాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సిఫారసు చేస్తోంది కాబట్టి, తల్లి మరిచినా పిల్లల డాక్టరు గుర్తు చేస్తారు. అదే ఇంట్లో షుగరు, గుండెజబ్బు ఉన్న తాతగారి ఫైలు బరువుగానే ఉంటుంది, టీకా మాట మాత్రం చాలా ఫైళ్లలో కనిపించదు.

నడివయసు వారు, వృద్ధుల ఆరోగ్యంపై 2017-18లో దేశవ్యాప్తంగా జరిగిన లాసీ సర్వే ప్రకారం దేశంలో 45 ఏళ్లు దాటినవారిలో ఫ్లూ టీకా వేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. వృద్ధుల్లో 75 శాతానికి అందించాలని ప్రపంచ ఆరోగ్య సభ 2003లోనే లక్ష్యం పెట్టుకుంది.

దీన్ని జనంలో అవగాహన లేకపోవడం కింద కొట్టిపారేయడం సులువు. నాకది నచ్చదు. డయాలసిస్ రోగులనే చూడండి. హెపటైటిస్-బి టీకా గురించి వాళ్లను డయాలసిస్ కేంద్రమే అడుగుతుంది, ఎందుకంటే ఆ వైరస్ అక్కడే ఒకరి నుంచి ఒకరికి పాకే ప్రమాదం ఉంది. అదే రోగికి ఫ్లూ సోకి ఊపిరితిత్తులు దెబ్బతింటే అది ఎవరి ఖాతాలోనూ పడదు. టీకా సంగతి తనదే అనుకునే డాక్టరు ఉన్న రోగికి సూది పడుతోంది. ముగ్గురు స్పెషలిస్టుల మధ్య తిరిగే రోగికి పడటం లేదు.

గుండె రోగుల విషయంలో ఈ నిర్లక్ష్యం మరీ విచిత్రం. స్వీడన్ పరిశోధకుల ఆధ్వర్యంలో ఎనిమిది దేశాల్లో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. గుండెపోటుతో చేరినవారిలో సగం మందికి ఆసుపత్రిలో ఉండగానే ఈ టీకా, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి సూది వేశారు. ఏడాదిలో గుండె సంబంధ మరణాలు ఉత్తుత్తి సూది పడినవారిలో 4.5 శాతం, టీకా పడినవారిలో 2.7 శాతం. అన్ని అధ్యయనాలూ ఇంత గట్టిగా చెప్పలేదు, వృద్ధుల్లో టీకా పూర్తి రక్షణా కాదు. అయినా డిశ్చార్జి కాగితంలో ఒక వరుసకు నోచుకోనంత అల్పమైన విషయమా ఇది?

చెన్నైకి మరో చిక్కుంది. దేశంలో చాలాచోట్ల ఫ్లూ జూన్-ఆగస్టు వానల్లో పెరుగుతుంది, అందుకే ఏప్రిల్-మేలో టీకా వేయించమంటారు. చెన్నై, వేలూరుల్లో ఉద్ధృతి ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు-నవంబరులో వస్తుందని నిఘా అధ్యయనాలు చూపాయి. వేసవిలో పడిన టీకా బలం అప్పటికి తగ్గుతూ ఉంటుంది. శరీరంలో రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది కనుక ఇక్కడివారికి సెప్టెంబరు సరైన నెల.

ధర సంగతి సరేసరి. ప్రభుత్వం ఉచితంగా టీకాలు వేసే సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఇది లేదు, ప్రైవేటులో వెయ్యి దాటుతుంది. అయితే తమిళనాడు ప్రభుత్వం ‘మక్కళై తేడి మరుత్తువం’ పేరిట 2021 నుంచి షుగరు, బీపీ మాత్రలను ఇళ్లకే పంపుతోంది. రోగుల జాబితా ఉంది, గడప తొక్కే సిబ్బంది ఉన్నారు. ఆ సంచిలో శీతల పెట్టె ఒకటి చేర్చడం అసాధ్యం కాదు, ముందు వృద్ధులైన షుగరు రోగులతో మొదలుపెట్టవచ్చు. నెల్లూరు, సూళ్లూరుపేటల నుంచి చెకప్‌కు వచ్చేవారికి ఆ పథకం వర్తించదు. వాళ్లు సెప్టెంబరులో వచ్చినప్పుడు షుగరు డాక్టరునే నేరుగా అడగాలి, ‘ఛాతీ డాక్టరును కలవండి’ అంటే అక్కడా అడగాలి.