టికెట్టు కొన్నాక ఇచ్చే గ్రాంటు ఎవరికి?

క్వాంటిటేటివ్ ఫార్మకాలజీ అంటే ఏంటో మన గుంటూరు, విజయవాడ ఫార్మసీ కాలేజీల్లో చాలామంది పిల్లలకి ఫైనలియర్ దాకా సరిగ్గా తెలీదు, వాళ్ళననీ లాభం లేదులెండి, కైనెటిక్స్ ఈక్వేషన్లు బట్టీ పట్టించి పరీక్ష రాయించేస్తే అయిపోతుందాయె. విషయం మాత్రం అందరికీ అర్థమయ్యేదే. ఒకే మాత్ర ఒకళ్ళకి సరిపోతుంది, ఇంకొకళ్ళకి ఎక్కువైపోతుంది, మరొకళ్ళకి అసలు పనే చేయదు. వయసు, బరువు, కిడ్నీ, లివరు, జీన్స్ ఇవన్నీ చూసి ఎవరి రక్తంలో మందు ఎంత ఉంటుందో, ఎంత డోసు ఇవ్వాలో మోడల్ కట్టి చెప్పే సైన్సు ఇది.

టీబీకిచ్చే ఐసోనియాజిడ్ సంగతే చూడండి. ఎన్‌ఏటీ2 అనే జీన్‌ని బట్టి అది కొందరి ఒంట్లోంచి తొందరగా పోతుంది, కొందరిలో నెమ్మదిగా పోతుంది, మన దేశంలో ఈ నెమ్మది రకం వాళ్ళు బాగా ఎక్కువ, లివర్ దెబ్బతినే రిస్కు కూడా వాళ్ళకే ఎక్కువ. మరి ఉద్దానంలో కిడ్నీలు పాడైనవాళ్ళకి, కిడ్నీల ద్వారా బయటికెళ్ళాల్సిన మందు ఎంతివ్వాలి? బయటి దేశాల పేషెంట్ల లెక్కలు తెచ్చి ఇక్కడ వాడేస్తే ఎలా, మన లెక్క మనమే కట్టుకోవాలి కదా. పెద్ద కంపెనీలే డోసు దగ్గర తడబడతాయి. 2021లో అమెరికాలో అనుమతి వచ్చిన సోటోరాసిబ్ అనే లంగ్ క్యాన్సర్ మందుని రోజుకి 960 మిల్లీగ్రాములతో ఓకే చేసి, 240 ఇచ్చినా సరిపోతుందేమో పోల్చి చూపించమని అక్కడ మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏనే కంపెనీని అడిగింది.

ఈ పనికి కావాల్సింది కోట్ల రూపాయల ల్యాబ్ కాదు. ల్యాప్‌టాప్, డేటా, ఆర్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్, నేర్పే మనిషి. ఆ నేర్పే మనిషే ఇక్కడ దొరకడు, అందుకే కాన్ఫరెన్సులకి వెళ్ళాలి. ఈ ఫీల్డుకి పునాది వేసిన లూయిస్ షైనర్, స్టువర్ట్ బీల్‌తో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ లెక్కలు కట్టే నాన్‌మెమ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం తయారుచేసినాయన, 2004లో పోయారు. యూరప్‌లో ఈ ఫీల్డువాళ్ళకి ఏటా జరిగే పేజ్ అనే మీటింగ్‌లో ఆయన పేరుతో స్టూడెంట్ సెషనే ఉంది, ఎంపికైన కుర్రాళ్ళు ఫీల్డులో తలపండినవాళ్ళ ముందు నిలబడి తమ పని చెప్పుకుంటారు.

అలాంటి మీటింగులకి వెళ్ళడానికి మన పిల్లలకీ గ్రాంట్లు లేవని కాదు. రీసెర్చికి డబ్బిచ్చే కేంద్ర సంస్థల్లో ఐసీఎంఆర్ ఉంది, సీఎస్‌ఐఆర్ ఉంది, ఒకప్పటి సెర్బ్ స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఉంది. మా గొడవంతా డబ్బు చేతికొచ్చే టైము గురించే. చాలా స్కీముల్లో ముందు మీరు పెట్టుకోండి, తిరిగొచ్చాక బిల్లులు పెట్టండి అంటారు. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని సామెత, మనోళ్ళు ఏరు దాటాకే తెప్ప ఇస్తారు. ఎం.ఫార్మసీ పిల్లలకి జీప్యాట్ ఎంట్రన్స్ మీద వచ్చే స్టైపెండు నెలకి 12,400, అదీ వచ్చిన నెల వచ్చినట్టు. రానుపోను టికెట్టు, వీసా, అక్కడ ఉండే ఖర్చు కలిపితే లక్ష దాటిపోతుంది. వీసాకేమో బ్యాంక్ స్టేట్‌మెంట్ కావాలి. నాన్న మిర్చి రైతు అనుకోండి, సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది, రేటు లేక అమ్మలేదు, అకౌంట్లో చూపించడానికేముంటుంది? ఎలాగోలా అప్పుచేసి వెళ్ళొచ్చినా బోర్డింగ్ పాసులు జాగ్రత్తగా దాచుకోవాలి, ఒకటి పోయిందా క్లెయిమ్ ఆగిపోయినట్టే, తర్వాత ప్రిన్సిపాల్ ఫార్వర్డింగు, డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్టు, ఆడిటర్ సంతకం, ఈలోపు అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో డబ్బున్న పిల్లలకి ఇదంతా చికాకు, లేనివాళ్ళకి మాత్రం అప్లికేషన్ పెట్టకుండానే ఆగిపోయే కారణం. అలా ఆగిపోయినవాళ్ళ లెక్క ఏ ఆఫీసు ఫైల్లోనూ ఉండదు, ఎందుకంటే వాళ్ళు అప్లై చేయలేదుగా.

భీమవరంలో పుట్టిన సైంటిస్టు యల్లాప్రగడ సుబ్బారావుగారు వందేళ్ళ కిందట అమెరికా ఓడ ఎక్కారంటే కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ భరోసా, మామగారు పోగుచేసిన డబ్బు ఉండబట్టే. ఆయన టీం పని చేసిన క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌ని ఇవాళ హై డోసులో ఇస్తే రక్తంలో ఎంతుందో కొలుస్తూ, దానికి విరుగుడు ల్యూకోవొరిన్ ఎప్పుడు ఎంతివ్వాలో లెక్క చూసుకుంటూ ఇస్తారు, అంటే ఇదే సైన్సు. ఆ చారిటీ వాళ్ళు కూడా ముందు వెళ్ళిరా, బిల్లులు తర్వాత చూద్దాం అనుంటే?

నాగార్జున యూనివర్సిటీ, ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, పెద్ద ఫార్మా కంపెనీల సీఎస్‌ఆర్ విభాగాలు కలిసి చిన్న ఫండు పెట్టడం అంత కష్టమేం కాదు. కాన్ఫరెన్సుకి పంపిన అబ్‌స్ట్రాక్ట్, అంటే పని సారాంశం, ఓకే అయిన లెటర్ చూపిస్తే చాలు, టికెట్ డబ్బు ఎయిర్‌లైన్‌కో ట్రావెల్ ఏజెంటుకో నేరుగా కట్టేయాలి, కుర్రాడి చేతికి ఇవ్వడానికి భయమైతే ఇలాగైనా చేయొచ్చుగా. వీసా ఫీజు, రిజిస్ట్రేషనూ అంతే. అక్కడి ఖర్చుల్లో సగం ముందు, మిగతా సగం వచ్చాక, తిరిగొచ్చి జూనియర్లకి ఒక రెండ్రోజుల వర్క్‌షాప్ పెట్టాక ఇవ్వండి. పిల్లలు అవార్డు గెలిచినప్పుడు శాలువా, మెమెంటో, ఫ్లెక్సీలకి అయ్యే ఖర్చు కూడా ఈ ఫండులోనే వేసేస్తే ఇంకా మంచిది.