‘డౌన్‌లోడ్ పూర్తయింది’ గారికి

అయ్యా, నమస్కారం. తమరు క్షేమమేనా అని అడగను, తమకెప్పుడూ అంతా క్షేమమే. నిన్న మధ్యాహ్నం రెండున్నర నుంచి అయిదింటి దాకా బాలాజీ కాలనీలోని మా నెట్ సెంటర్‌కి పదకొండు సార్లు దయచేశారు, పదకొండు సార్లూ టిక్ పెట్టి వెళ్ళారు.

పుత్తూరు నుంచి బస్సెక్కి వచ్చిన తల్లీకూతుళ్ళు. మార్కుల మెమో ప్రింటు తీసి అయిదింటిలోపు కాలేజీలో ఇవ్వాలి. సైట్ తెరిస్తే పైన ఎర్రక్షరాలు పరిగెడుతున్నాయి, మెరుగైన సేవల కోసం సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేశామని. ఆ ముక్క చదవగానే టెన్షన్ మొదలైంది, ఇన్నేళ్ళ అనుభవం కదా.

నొక్కాను, వచ్చారు. తెరిస్తే పీడీఎఫ్ లోడ్ కాలేదంది. మళ్ళీ నొక్కితే మెమో (1). బ్రౌజర్ మార్చాను, ప్రైవేట్ విండోలో చూశాను, పక్క సిస్టమ్‌లో చూశాను, చివరికి నా ఫోన్ డేటా పెట్టి కూడా లాగాను. మెమో (10) దాకా వెళ్ళింది లెక్క. ఆ పాప మాత్రం తమరినే వేలెత్తి చూపిస్తోంది, “అన్నా, పూర్తయిందని వచ్చింది కదా, ప్రింట్ కొట్టండి” అని. అంటే వాళ్ళ లెక్కలో తమరు నిజం, నేను చేతకానివాణ్ణి.

హెల్ప్‌లైన్‌కి చేశాను. ముప్పావుగంట మ్యూజిక్ విన్నాక “క్యాష్ క్లియర్ చేయండి సార్” అన్నారు. చేశాను, కుకీలతో సహా. మెమో రాలేదు గానీ నా బిల్లుల లాగిన్లన్నీ ఎగిరిపోయాయి. అక్కడ పెట్టిన క్యాప్చా గురించి ఇంకోసారి రాస్తాను, అది వేరే పాపం.

అప్పటికి గానీ సైజు చూడాలని తట్టలేదు నాకు. అన్నీ 1 కేబీ! నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. నిజమైన పీడీఎఫ్ అయితే మొదట్లోనే పర్సెంట్ గుర్తూ దాని పక్కన పీడీఎఫ్ అనీ ఉండాలి. ఇక్కడున్నది ‘ఫేటల్ ఎర్రర్’, దాని కింద మ్యాజిక్ కోట్స్ ఫంక్షన్ దొరకట్లేదని ఒక ఏడుపు. ఒకప్పుడు వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో కోర్సు చేసి, ఉద్యోగం రాక ఈ సెంటర్ పెట్టుకున్నవాణ్ణి, చూడగానే తెలిసింది. మ్యాజిక్ కోట్స్ అంటే మనం టైప్ చేసిన కొటేషన్ గుర్తుల ముందు దానంతటదే బ్యాక్‌స్లాష్ పెట్టే పాత ఏర్పాటు, దానికి 2012లోనే తద్దినం పెట్టేశారు. అది ఉందా లేదా అని అడిగే ఫంక్షన్‌ని కూడా 2020 నవంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 8లో పీకేశారు. వీళ్ళు సర్వర్ మార్చారు, మెమో తయారుచేసే పాత కోడ్‌ని మాత్రం అలాగే వదిలేశారు. పోనీ, తప్పులు ఎవరైనా చేస్తారు.

నా మంట అది కాదు. ఎర్రర్లు బయటికి చూపించే సెట్టింగ్ ఆఫ్‌లో ఉండుంటే సర్వర్ 500, అంటే నాలోనే ఏదో చెడింది అని చెప్పేది, బ్రౌజర్‌కి తెలిసేది, నువ్వు నోరు మూసుకునేవాడివి. ఆన్‌లో వదిలేశారు కాబట్టి ప్రోగ్రామ్ ప్రాణం పోతూ కూడా 200, అంటే అంతా ఓకే అని పంపింది. పేరేమో ముందే హెడర్‌లో, అంటే ఫైల్‌కి ముందు పంపే చీటీలో, మెమో.పీడీఎఫ్ అని పెట్టేశారు. లోపల శవం, పైన పెళ్ళి పత్రిక. దానికి నువ్వు టిక్ పెట్టావు. 404, నువ్వడిగింది లేదు పో అని ముఖం మీద చెప్పేవాడు నయం కదరా, మూడింటికే వాళ్ళను పంపించేసేవాణ్ణి! అప్‌గ్రేడ్ చేసిన మహానుభావుడు ఒక్కటంటే ఒక్క మెమో దించుకుని, తెరిచి చూసుకోడా? నీ టిక్ చూసి వాడూ ఇంటికెళ్ళిపోయుంటాడు.

విరిగిపోయిన ఫైల్ అమ్మా అంటే ఆవిడ, “ఎముకైతే మా ఊళ్ళో కట్టు కట్టించేస్తాం నాయనా, దీనికేం కట్టాల?” అంది. నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను, అప్పుడు టైం నాలుగూ యాభై.

వెళ్ళేముందు ఆ పాప, రాలేదంటే కాలేజీలో నమ్మరు, రాలేదన్నట్టు ఏదైనా కాగితం ఇవ్వమంది. నోట్‌ప్యాడ్‌లో ఉన్నదే ప్రింట్ తీసిచ్చాను. వద్దంటున్నా వినకుండా పది రూపాయలు టేబుల్ మీద పెట్టి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో దాచుకుంది.

పొద్దున షట్టర్ తీయగానే మళ్ళీ నొక్కి చూశాను. మెమో (11), 1 కేబీ, టిక్.

ఇట్లు,
బాలాజీ కాలనీ నెట్ సెంటర్‌వాడు