చేతిలో పని ఉంటే చాలు, పాఠం దానంతట అదే వస్తుందా?

"మోటారు విప్పి బిగించడం వచ్చినవాడికి జర్మనీ వాళ్లు నేర్పేదేముంది? విదేశీ సాయంతో ఐటీఐ మాస్టర్లకు శిక్షణ అంటే డబ్బు దండగ" అనే సందేశం భీమవరం, పాలకొల్లు ప్రాంతాల ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఇరవై రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధించినవాడిగా దీనికి జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదటి మాట: పని వచ్చినవాడికి పాఠం చెప్పడమూ వస్తుందట. నాకు రాలేదు. చేరిన కొత్తలో స్టార్టర్ కనెక్షన్ చకచకా చేసి చూపించేవాణ్ణి. పిల్లలు కళ్లప్పగించి చూసేవారు, తర్వాత ఒక్కరికీ చేతనయ్యేది కాదు. లోపం ఎక్కడుందో మాస్టర్ల శిక్షణకు వెళ్లాకే తెలిసింది. నేను వాళ్లకు ఎదురుగా నిలబడేవాణ్ణి, అందువల్ల నా కుడి వాళ్లకు ఎడమగా కనిపించేది. నేర్చుకునేవాణ్ణి సిద్ధం చేయడం, ఒక్కో మెట్టు ఆపి చేసి చూపడం, వాడి చేత చేయిస్తూ ఎందుకు చేస్తున్నాడో చెప్పించడం, ఆ తర్వాత కనిపెట్టి ఉండడం: అక్కడ నేర్పిన ఈ నాలుగు మెట్ల పద్ధతి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో రూపుదిద్దుకుంది. ఫ్యాక్టరీల్లోకి వచ్చిన కొత్తవాళ్లకు త్వరగా పని నేర్పాల్సిన అవసరం దాన్ని పుట్టించింది. ఆ 'ఎందుకు' మన దగ్గర ప్రాణాలతో ముడిపడిన విషయం. రొయ్యల చెరువులో నీళ్లకు గాలి అందించే ఏరేటర్ మోటారు బాడీకి ఎర్త్ తీగ సరిగా లేకపోతే, ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున నీళ్లలో నిలబడి దాన్ని ముట్టుకున్న కూలీ బతకడం కష్టం. ఎర్త్ ఎందుకో పిల్లవాడి నోటితో చెప్పించని మాస్టరు ఆ పాఠాన్ని సగంలోనే వదిలేసినట్టు.

రెండోది, పరాయి విద్య డెల్టాకు పనికిరాదన్న వాదన. మన చెరువుల్లో పెరిగే వెనామీ రొయ్య అమెరికా ఖండాల పసిఫిక్ తీరానిది, మన దేశంలో దాని సాగుకు 2009లో అనుమతి వచ్చింది. తెచ్చుకున్నదాన్ని ఇక్కడి ఉప్పునీటికి, ఇక్కడి కరెంటుకు సరిపెట్టుకున్నది మన రైతులు, మెకానిక్కులే. విద్యనూ అలాగే సరిపెట్టుకోవచ్చు.

డబ్బంతా విదేశాలకు పోతుందన్నది మూడో ఆరోపణ. బెంగళూరులో 1971లో పశ్చిమ జర్మనీ సాంకేతిక సాయంతో ఫోర్‌మెన్ శిక్షణ సంస్థ మొదలైంది. హైదరాబాద్ రామంతాపూర్‌లో ఎలక్ట్రానిక్స్ శిక్షణ సంస్థకు స్వీడన్ తోడ్పడింది. వచ్చిన నిపుణులు వెళ్లిపోయారు, సంస్థలు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

మనం ఎప్పుడూ చేయి చాచేవాళ్లమే అన్న మాట నన్ను ఎక్కువ బాధించింది. 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద మన దేశమే ఇతర దేశాల వారికి శిక్షణ ఇస్తోంది. సాంకేతిక విద్యా సంస్థల అధ్యాపకులకు బోధన నేర్పే చెన్నై సంస్థకు ఆ పథకం కింద విదేశీ అధ్యాపకులు వచ్చి కూర్చుంటారు. అక్కడ గురువులు మనవాళ్లే.

ఆ సందేశంలో ఒక్క మాట నిజం: వర్క్‌షాపులో అడుగుపెట్టని అధికారులు కూడా శిక్షణ పేరిట విదేశాలు తిరిగి వస్తున్నారు. అది ఆగాలి. వెళ్లేది రోజూ పాఠం చెప్పే మాస్టరే అయి ఉండాలి. తిరిగి వచ్చిన నెలలోపు జిల్లాలోని తోటి మాస్టర్లందరి ముందు, పిల్లలను పక్కన నిలబెట్టుకుని, నేర్చుకున్న పాఠం చేసి చూపాలన్న షరతు పెట్టాలి.