అయస్కాంతం లేని అద్భుతం

'శాశ్వత అయస్కాంతం లేని మోటార్లు సాధ్యమేనా?' అని మొన్న విజయవాడలో ఓ సదస్సు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో చైనా ఈ అయస్కాంతాల్లో వాడే డిస్ప్రోసియం, టెర్బియం లాంటి లోహాల ఎగుమతికి లైసెన్సు మెలిక పెట్టింది మొదలు మన మేధావులకు కునుకు లేదు.

ముఖ్య అతిథి గారు మైకు అందుకుని, "అయస్కాంతం లేకుండా తిరిగే మోటారును భావితరాలు తప్పక చూస్తాయి" అన్నారు. నెత్తిమీద పాతకాలపు సీలింగ్ ఫ్యాన్ గిరగిరా తిరుగుతోంది. అందులో అయస్కాంతం లేదు. ఆ గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే వాటిమీద నీళ్ల సీసా పెట్టి మరీ భవిష్యత్తును కొనసాగించారు. పెరట్లో ట్యాంకు నింపుతున్న పంపుదీ ఇండక్షన్ మోటారే, అంటే చుట్టూ ఉన్న తీగచుట్టల కరెంటే లోపల తిరిగే భాగంలో (రోటర్‌లో) కరెంటు పుట్టించి తిప్పే రకం. పొద్దున వారు రెండోసారి వేయించుకున్న పల్లీ చట్నీ రుబ్బిన మిక్సీలోనూ ఉన్నవి రాగి చుట్టలే. జంక్షన్ నుంచి డబ్ల్యూఏపీ-7 ఇంజిను 24 పెట్టెలు లాక్కుపోతున్నదీ ఇండక్షన్ మోటార్లతోనే. మధ్యలో ఫ్యాన్ మొరాయిస్తే కెపాసిటర్ మార్చడానికి ఆటోనగర్ నుంచి ఓ కుర్రాడొచ్చాడు. భావితరాల ప్రసంగం అయ్యేదాకా నిచ్చెన వేయొద్దని అతన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టారు.

నికోలా టెస్లా ఇండక్షన్ మోటారుకు పేటెంట్ తీసుకున్నది 1888లో. అంతకు ముందే, 1842లో, స్కాట్లండ్‌లో రాబర్ట్ డేవిడ్‌సన్ ఇనుప కడ్డీలను విద్యుదయస్కాంతాలతో లాగించి రైలింజను నడిపాడు. ఇవాళ స్విచ్డ్ రిలక్టెన్స్ మోటారు అంటున్న దాని మూలం అదే.

అసలు కష్టం కరెంటు కారులో వస్తుంది. మోటారు చిన్నగా, తేలిగ్గా ఉండాలి. అయస్కాంతం ఉంటే రోటర్‌లో కరెంటు పారించే పని తప్పుతుంది. లేకపోతే ఇండక్షన్ రోటర్ వేడెక్కుతుంది. రిలక్టెన్స్ మోటారు గోల చేస్తుంది, కుదుపుతుంది. రోటర్‌కే తీగ చుట్టి కరెంటిచ్చే పద్ధతిని రెనో, బీఎండబ్ల్యూ కార్లలో పెట్టేశాయి కూడా. ఇదంతా విప్పి, చుట్టి, నాలుగు మోటార్లు తగలబెట్టి నేర్చుకోవాల్సిన పని.

మనం నేర్పుతున్నదేమిటి? గుంటూరు నుంచి గన్నవరం దాకా వరసగా ఇంజనీరింగ్ కాలేజీలే. ఈఈఈ పిల్లాడు సీనియర్ రికార్డు చూసి రీడింగులు దింపుతాడు. మోటారు మూత ఒక్కసారి విప్పకుండా పట్టా పుచ్చుకుంటాడు. సిగ్గనిపించదా, వాడి దగ్గర లక్షలు గుంజినవాళ్లకి? కాలిన మోటారు గాడుల్లోంచి తీగ పీకి, చుట్లు లెక్కపెట్టి, మళ్లీ చుట్టి తిప్పి చూపించేవాడు ఆటోనగర్‌లో రేకుల షెడ్డు కింద ఉన్నాడు. వాడు కూలి చెబితే, "తీగ చుట్టడానికి ఇంతా?" అని బేరాలు!