258 ఎత్తులేగా, వదిలెయ్యాలట!

నిన్న మావాడి ఫోన్ పెట్టేశా. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

మావాడూ నేనూ కలిసి ఓ చెస్ ప్రోగ్రామ్ రాస్తున్నాం. గెలవడం తర్వాత సంగతి, ముందు దానికి రూల్స్ వచ్చో రావో తెలియాలిగా. అందుకో పరీక్ష ఉంది, పర్‌ఫ్ట్ అంటారు. మొదటి పొజిషన్ నుంచి ఎన్ని వరసల్లో ఎత్తులు వేయొచ్చో, ఒక్కోటీ వేసి, వెనక్కి తీసి, లెక్కపెట్టడమే. తెల్లవాడి మొదటి ఎత్తుకి 20. నల్లవాడు జవాబిచ్చాక 400. మూడో ఎత్తుకి 8,902, నాలుగుకి 1,97,281. అక్కడిదాకా మాకు అచ్చు గుద్దినట్టు వచ్చింది. ఐదో ఎత్తుకి 48,65,609 రావాలి. 48,65,351 వచ్చింది.

"258 ఏగా తేడా, 0.005 శాతం. వదిలెయ్‌రా" అన్నాడు.

శాతం ఏంట్రా శాతం! ఇదేమన్నా ఎగ్జిట్ పోలా? ఒక్కటి తగ్గినా ఆ ప్రోగ్రామ్‌కి చెస్ రానట్టే. పైగా ఆ 258 ఊరూపేరూ లేని అంకె కాదు. ఐదో ఎత్తులో వచ్చే ఎన్ పాసాన్‌లు సరిగ్గా 258! రెండు గళ్లు దూకి మన బంటు పక్కన నిలబడ్డ బంటుని, అది ఒక్క గడే జరిగినట్టు, వెంటనే ఐమూలగా వెళ్లి తీసెయ్యడమే ఎన్ పాసాన్. తెల్ల బంటు రెండెత్తుల్లో ఐదో వరసకి చేరాలి, పక్క నల్ల బంటు రెండు గళ్లు దూకాలి, అప్పుడుగానీ కుదరదు. అందుకే నాలుగో ఎత్తు దాకా తప్పు బయటపడలేదు. ఆ భాగం రాసిందెవరో నేను చెప్పను. నేను మాత్రం కాదు.

వీడే పోయిన వారం, "ప్రోగ్రామ్ ఎందుకు, 20ని నాలుగుసార్లు గుణిస్తే పోలా" అన్నాడు. 1,60,000 అట! బంటు జరిగితే వెనకున్న ఒంటెకీ మంత్రికీ దారి తెరుచుకుంటుందని బోర్డు ముందు కూర్చున్న ఎవరికైనా తెలుసు. అడిగితే, చెస్‌లో మొత్తం ఎన్ని ఆటలు సాధ్యమో అంచనా కట్టిన గణితవేత్త షానన్‌ని అడ్డం పెట్టుకుంటాడు. ఆయన 1950లో 1 పక్కన 120 సున్నాలన్నాడు, నిజమే. కానీ ఆయన అంచనా అని చెప్పి అంచనా వేశాడు. వీడు లెక్క అని చెప్పి అంచనా వేస్తాడు.

అసలు ఎన్ పాసాన్‌తో నా గొడవ ఈనాటిది కాదు. పదేళ్లప్పుడు మా పెదనాన్నతో ఆడుతున్నా. ఆయన బంటు రెండు గళ్లు దూకి నా బంటు పక్కన నిలబడింది. నేను ఐమూలగా వెళ్లి దాన్ని తీసేశా. "ఖాళీ గడిలోకెళ్లి పక్కోణ్ణి చంపుతావా? దొంగాట!" అని బోర్డు తిరగేశారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. రూల్ పుస్తకం తెచ్చి చూపిస్తే "అచ్చుతప్పు అయ్యుంటుందిలే" అన్నారు. వందల ఏళ్లనాటి రూల్ అచ్చుతప్పట! ఇప్పటికీ ఆ ఇంట్లో నా పేరు దొంగాటే. తమకి తెలియని రూల్ అసలు లేనే లేదనేవాళ్లతో బతికి బతికి, చివరికి నా కంప్యూటర్‌తో కూడా అదే మాట పడ్డా.

రాత్రి కూర్చుని ఆ ముక్క నేనే రాశా. 48,65,609! ఇక్కడితో అయిపోలేదు. ఒక్కోసారి ఎన్ పాసాన్ కొడితే ఒకే వరసలోంచి రెండు బంట్లూ లేచిపోయి, అడ్డంగా ఉన్న ఏనుగు నుంచి మన రాజుకే చెక్ పడుతుంది. అది వేయకూడని ఎత్తు. దాన్ని పట్టుకోడానికి వేరే పొజిషన్లు పెట్టి చూడాలి. మావాడికి చెబితే అదెంత శాతం అంటాడు.

స్క్రీన్‌షాట్ వాడికి పంపా. "చూశావా, దాదాపు కరెక్టే అన్నాగా" అని జవాబు. పెదనాన్నకి కూడా పంపా. రెండు నీలం గీతలు పడ్డాయి. ఇంకా ఏమీ అనలేదు.