ఆ ఇరవై నిమిషాలు బ్యాండుకే

అమెరికా విశ్వవిద్యాలయాల్లో నవంబరు చివరి వారం వచ్చిందంటే చదువుల మీద ఎవరి ధ్యాసా ఉండదు. థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడో ఆ మర్నాడో పాత పగలన్నీ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలోకి దిగుతాయి. కొలంబస్‌లో ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయం విద్యార్థులు క్యాంపస్ బోర్డుల మీద కనబడిన ఎం అక్షరాన్నల్లా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. మిషిగన్ పేరు మొదలయ్యేది దానితోనే మరి. ఈ రెండు జట్లూ మొదట తలపడింది 1897లో. లక్షమందికి పైగా కూర్చునే స్టేడియంలో, ఇంత కసి మధ్య జనాన్ని కట్టుబాటులో ఉంచే శక్తి పోలీసుల కంటే మైదానంలో నడుస్తూ వాయించే విద్యార్థుల బ్యాండ్లకే ఎక్కువ ఉందని మా నమ్మకం. ఆ బ్యాండ్లనే ఇప్పుడు మూలకు నెడుతున్నారు.

2024 నవంబరు 30న ఏం జరిగిందో చూశాం. కొలంబస్‌లో 13-10తో గెలిచిన మిషిగన్ ఆటగాళ్లు తమ జెండాను మైదానం నడిబొడ్డున పాతబోయారు. ఓహాయో ఆటగాళ్లు అడ్డుపడ్డారు. తోపులాట కొట్లాటగా మారి చివరికి పోలీసులు పెప్పర్ స్ప్రే వాడాల్సి వచ్చింది. రెండు విశ్వవిద్యాలయాలకూ చెరో లక్ష డాలర్ల జరిమానా పడింది. ఆ వారాంతంలోనే మరికొన్ని మైదానాల్లోనూ జెండాల గొడవలు జరిగాయి. ఆట ముగిసిన మరుక్షణం ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏం చేయాలో ఒక పద్ధతంటూ లేనిచోట ఇలాంటివి జరగక మానవు.

పద్ధతి ఉన్నచోట ఎలా ఉంటుందో అమెరికా సైనిక, నౌకాదళ అకాడమీల మధ్య జరిగే ఆర్మీ-నేవీ ఆట చూపిస్తుంది. 1890 నుంచి నడుస్తున్న ఈ పోటీలో ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి ముందు ఓడినవాళ్ల విద్యార్థుల వైపు తిరిగి నిలబడతాయి. వాళ్ల కళాశాల గీతం అయ్యాకే గెలిచినవాళ్ల వంతు. అందుకే అక్కడి క్యాడెట్లు గెలవాలని చెప్పుకునేటప్పుడు ‘రెండోసారి పాడాలి’ అంటారు.

శత్రువనుకున్నవాడికి మర్యాద చేయడం ఈ బ్యాండ్లకు కొత్త కాదు. ఓహాయో స్టేట్ బ్యాండు అనగానే అందరికీ గుర్తొచ్చేది మైదానంలో గొలుసుకట్టు రాతలో ‘ఓహాయో’ అని రాసే విన్యాసం. ఆ బ్యాండు దాన్ని మొదటిసారి 1936 అక్టోబరు 10న చేసింది. కానీ అంతకు నాలుగేళ్ల ముందే, 1932లో, కొలంబస్ వచ్చిన మిషిగన్ బ్యాండు అదే మాటను అదే మైదానంలో రాసి చూపింది. ఇవాళ ఓహాయో వాళ్లు ప్రాణంగా చూసుకునే ఆచారానికి తొలి గీత గీసింది ప్రత్యర్థులే.

ఆ విన్యాసం చేయడం మాటలు కాదు. మూడు వలయాలుగా తిరుగుతున్న బ్యాండు, తనను నడిపించే డ్రమ్ మేజర్ వెనక ఒంటి వరుసగా విడిపోయి, ఒకరి వెనక ఒకరు అక్షరాల మెలికల వెంట నడుస్తూ, ఒక వరుస ఇంకో వరుసను దాటే చోట ఒకరినొకరు తాకకుండా సందుల్లోంచి సాగాలి. ఇంగ్లిష్ ఐ అక్షరం మీద చుక్క పెట్టే భాగ్యం మామూలుగా నాలుగో, ఐదో ఏడాది సూసాఫోన్ వాద్యకారుడికే దక్కుతుంది. మొదట ఆ చుక్క పెట్టింది ట్రంపెట్ లాంటి కార్నెట్ వాయించే విద్యార్థి. తర్వాత సూసాఫోన్‌కు మారింది. ఒంటికి చుట్టుకునే ఆ ఇత్తడి వాద్యం పదిహేను కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. దాన్ని మోస్తూనే కాలు ఎగరేసి, స్టేడియం రెండు వైపులా నడుం వంచి నమస్కరించాలి.

మార్చింగ్ బ్యాండులో అడుగు అంటే కొలత. ఐదు గజాలకు ఎనిమిది అడుగులు వేయాలి. అంటే అడుగు అడుగుకీ మధ్య సరిగ్గా 22.5 అంగుళాలు. ప్రతి అడుగులో అంగుళం తగ్గినా పదహారు అడుగులయ్యేసరికి పదహారు అంగుళాలు వెనకబడతారు. ఆ ఒక్కరి వల్ల గుండ్రంగా ఉండాల్సిన గీత సొట్టపోతుంది. అందుకే ప్రతి విద్యార్థికీ ఏ గజాల గీత నుంచి ఎన్ని అడుగులు పక్కకు, ఏ గుర్తు నుంచి ఎన్ని అడుగులు వెనక్కు నిలబడాలో రాసిచ్చిన చోటు ఒకటి ఉంటుంది. దాన్ని కంఠస్థం చేస్తారు.

అంతకంటే కష్టం చెవితో. మైదానం ఈ గోల్ గీత నుంచి ఆ గోల్ గీత దాకా వంద గజాలు. శబ్దం అంత దూరం రావడానికి సెకనులో పావు వంతు పైనే పడుతుంది. నిమిషానికి 160 దరువుల వేగంతో వాయిస్తుంటే దరువుకీ దరువుకీ మధ్య ఉండేది 0.375 సెకన్లు. అంటే ఆ చివర ఉన్నవాడు వినిపించినదాన్నిబట్టి వాయిస్తే దాదాపు ముప్పాతిక దరువు ఆలస్యంగా వాయిస్తాడు. తాళం రెండుగా చీలిపోతుంది. అందుకే డ్రమ్ములను సాధారణంగా వెనక, నడిమికి పెడతారు. డ్రమ్ మేజర్ చూపు నడిమి స్నేర్ డ్రమ్ వాద్యకారుడి పాదాల మీద ఉంటుంది. మిగతావాళ్ల చూపు డ్రమ్ మేజర్ చేతుల మీద. ముందున్నవాళ్లు వెనకనుంచి వచ్చే శబ్దంతో కలవాలే తప్ప పక్కవాడి వాద్యాన్ని నమ్ముకోకూడదు.

నవంబరు చలి ఇంకో పరీక్ష. గాలి చల్లబడేకొద్దీ ఊదే వాద్యాల శ్రుతి దిగుతుంది. సరిచేయడానికి శ్రుతి గొట్టాన్ని లోపలికి తోస్తారు. అప్పటికే పూర్తిగా లోపలికి తోసి ఉంటే ఇక దారి లేదు. ఊపిరి తేమ గడ్డకట్టి వాల్వులు బిగుసుకుంటాయి. కర్ర క్లారినెట్లు చీలే ప్రమాదం ఉంది కాబట్టి ఆరుబయట ప్లాస్టిక్‌వే వాడతారు. ఇన్ని ఓర్చుకుని వాయించే పిల్లలకు చాలాచోట్ల దక్కేది ఒకటి రెండు క్రెడిట్లు.

1999 నవంబరు 18 తెల్లవారుజామున టెక్సస్ ఏ అండ్ ఎంలో పెద్ద ఘోరం జరిగింది. టెక్సస్ విశ్వవిద్యాలయంతో ఆటకు ముందు వేసే మంట కోసం విద్యార్థులు పేర్చిన వేల దుంగల గోపురం కూలింది. అది మన భోగిమంట లాంటిదే, కాకపోతే ఎన్నో రెట్లు పెద్దది. 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. ఎనిమిది రోజులకు జరిగిన ఆటలో టెక్సస్ విశ్వవిద్యాలయపు లాంగ్‌హార్న్ బ్యాండు తన హాఫ్‌టైమ్ (ఆట నడిమి విరామం) ప్రదర్శనను ప్రత్యర్థి క్యాంపస్‌కు అంకితం చేసి, చనిపోయినవాళ్ల కోసం సంతాప గీతం వాయించి, తెల్ల టోపీలు తీసింది. నూరేళ్ల వైరం ఉన్న జనానికి ఆ రోజు ఎలా మెలగాలో బ్యాండే చూపింది. 2011 తర్వాత ఆగిపోయిన ఆ పోటీ 2024లో మళ్లీ మొదలైంది.

నల్లజాతి విశ్వవిద్యాలయాల్లో బ్యాండు స్థానం ఇంకా పెద్దది. న్యూ ఆర్లీన్స్‌లో ఏటా జరిగే బాయూ క్లాసిక్‌లో సదరన్, గ్రాంబ్లింగ్ జట్ల ఆటకు ముందు బ్యాండ్ల పోరు ఉంటుంది. హాఫ్‌టైమ్‌లో సీటు వదిలి తిండికోసం లేచేవాళ్లు తక్కువ. ఆట అయ్యాక కూడా రెండు బ్యాండ్లూ ఒకరి పాటకు ఇంకొకరు బదులిస్తూ, నాలుగు క్వార్టర్ల ఆటకు ‘ఐదో క్వార్టర్’ నడుపుతాయి. అభిమానుల పౌరుషమంతా అక్కడే చల్లారుతుంది.

బ్యాండ్లలో చెడు లేదని మేం చెప్పడం లేదు. 2011 నవంబరులో ఫ్లోరిడా ఏ అండ్ ఎం బ్యాండు డ్రమ్ మేజర్ ఒకరు ఆట అయ్యాక బస్సులో తోటివాళ్లు కొట్టిన దెబ్బలకు చనిపోయారు. 2013 దాకా ఆ బ్యాండును ఆపేశారు. 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చుకున్న తెలుగువారికి ఆ జాడ్యం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దాన్ని నిర్దాక్షిణ్యంగా ఏరిపారేయాల్సిందే.

కానీ ఇప్పుడు బ్యాండ్లను కమ్మేస్తున్నది లౌడ్‌స్పీకర్. ఆట ఆగిన ప్రతిసారీ రికార్డు పాటలు మోగుతుంటే రెండు బ్యాండ్లు ఒకదానికొకటి బదులిచ్చే సందే దొరకదు. హాఫ్‌టైమ్‌లో టీవీవాళ్లు స్టూడియో చర్చకు వెళ్లిపోతారు. మైదానంలో ఏం జరుగుతోందో ఇంట్లో ఉన్నవాళ్లకు తెలియదు.

మేం కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఇలాంటి పోటీలకు వచ్చే జట్టు బ్యాండుకు పూర్తిగా చోటివ్వాలి. హాఫ్‌టైమ్ ఇరవై నిమిషాలను ఇద్దరికీ పంచాలి; రావడం, పోవడం పోగా తలా ఏడెనిమిది నిమిషాలు చాలు. బ్యాండు వాయించేటప్పుడు స్పీకర్లు ఆపాలి. ఆట ముగియగానే ఓడినవాళ్ల గీతం, తర్వాత గెలిచినవాళ్ల గీతం వాయించాలి. అవి పూర్తయ్యేదాకా ఆటగాళ్లు వరుసల్లో నిలబడాలి. ఆటగాళ్లు తమ పాటకోసం వరుసలో ఉన్నంతసేపు జెండా పట్టుకుని నడిమికి ఉరికేవాడుండడు. ఈ నియమాలను జట్ల సమాఖ్యలే రాసిపెట్టాలి, ఒక్కో విశ్వవిద్యాలయం దయకు వదలకూడదు.

ఏటా అమెరికా చేరే మన విద్యార్థులకు ఒక మాట. డల్లాస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనోల్లో తెలుగు కుటుంబాల పిల్లలు హైస్కూలు బ్యాండ్లలో వాయిస్తూ పెరుగుతున్నారు కాబట్టి వాళ్లకు ఇది తెలుసు, మీకు కొత్త. ఆటకు టికెట్ కొనేటప్పుడు కింది వరుసల కోసం ఎగబడకండి. బ్యాండు బొమ్మలు పైనుంచి చూస్తేనే ఆనతాయి. రెండు 40 గజాల గీతల మధ్య, విలేకరుల గది ఉన్న వైపు, వీలైనంత పైన కూర్చోండి. విన్యాసాలను ఎక్కువగా ఆ వైపుకే గీస్తారు; ఎదుటి వైపు నుంచి చూస్తే అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి.